ఎనిమిది గుర్తులు

కాంక్రీటు వలయం మీద ఎర్ర రంగుతో
ఎనిమిది చుక్కలు పెట్టాం ఆగస్టులో,
గరిసె ఖాళీగా ఉన్నప్పుడు.
ఇప్పుడు నవంబరు.
చుక్క మీద కొలకర్ర నిలబెట్టి
రెండు చేతులా పట్టుకుంటుంది సిగ్నీ,
ఆర్లెన్ చెల్లెలి కూతురు.
గ్లవ్స్ లోంచి చలి కొరుకుతోందని
ముఖం చెబుతుంది, నోరు చెప్పదు.
లెవెల్‌కి కన్ను ఆనించి నేను అంకెలు చదువుతాను.

ఒకటో చుక్క, ముప్పాతిక అంగుళం.
రెండోది ఒకటిన్నర.
మూడోది చదివి, మళ్ళీ చదివాను.
అయిదో చుక్క, పక్క గరిసె వైపుది,
నాలుగుంబావు.

హిల్స్‌బరోకి తూర్పున,
ఉత్తరానికి పారే ఏటికి ఇవతల,
రెండు స్టీలు గరిసెలు
ఏదో చెప్పుకోబోతున్నట్టు
తలలు దగ్గరికి చేర్చాయి.
పైన వాటిని కలిపే నడవ
బోల్టులు తెంచుకుని పక్కకి ఉబ్బింది.
కింద తలుపు మూయాలంటే భుజం పెట్టాలి.
నిండు కుండ తొణకదని విని పెరిగినదాన్ని.
ఇక్కడ నిండిందే ఒరిగింది.

"మా తాత గరిసె అరవయ్యేళ్ళుగా నిలబడింది,"
అన్నాడు ఆర్లెన్, "ఇదే నేల మీద."
నిజమే. షెడ్డు వెనక ఉంది,
తుప్పు రంగులో, నిటారుగా.
నాలుగు వేల బుషెళ్ళది. పాదం చిన్నది.
బరువు ఎంత వెడల్పున కూర్చుంటే
అంత లోతుకి దిగుతుంది.
తాత మొక్కజొన్న
పైన ఎండి గట్టిపడ్డ గోధుమరంగు పెంకు దాటలేదు.
నలభై ఎనిమిది అడుగుల ఈ గుండ్రం
పెంకు కింద పడుకున్నదాన్ని తట్టింది.

ఒకప్పుడు ఇదంతా సరస్సు, మంచు కరిగిన నీళ్ళు.
ఎప్పుడో వెళ్ళిపోయిందని ఊళ్ళో అందరికీ తెలుసు.
నిన్న బోరు గొట్టంలోంచి
నలభై అడుగుల కిందటి బూడిదరంగు బంకమన్ను తీసి
బొటనవేలితో నొక్కాను.
వెన్నలోకి దిగినట్టు దిగింది.
వేలిముద్రలో తడి మెరిసింది.
"వెళ్ళలేదు," అన్నాను.

గాదె కింద పందికొక్కు అంటారు మా వైపు.
ఈ గాదె కింద ఉన్నది నీరు.
తినదు, దొంగిలించదు.
నింపిన రోజున బరువంతా ముందు అదే మోసింది.
తర్వాత రేణువుల సందుల్లోంచి
తొందర లేకుండా తప్పుకుంటోంది;
తప్పుకున్నంత మేర నేల కుంగుతోంది.
రెండిటి నడుమ మన్ను మీద
రెండిటి బరువూ పడింది, అందుకే అటు వాలాయి.
ప్రేమేం కాదు.

మన్ను ముందే పరీక్ష చేయించకపోవడానికి
ఆర్లెన్‌కి కారణాలుంటాయి:
ఆలస్యంగా వచ్చిన వసంతం, బ్యాంకు గడువు,
గరిసె అమ్మినవాడి ధీమా.
అవేవీ చెప్పలేదు.
తొమ్మిది రోజుల్లో నోటిదాకా నింపానని మాత్రం
కొంచెం గర్వంగానే మొదలుపెట్టి
మధ్యలో ఆగిపోయాడు.

చెప్పాల్సింది చెప్పాను.
నడిమి రంధ్రంలోంచే తియ్యి,
పక్కనించి తీస్తే గోడ చొట్టపోతుంది.
మూడో వంతుకి దించు. ఆగు.
వచ్చే ఏడు కొంచెం నింపు, కొలుద్దాం,
మళ్ళీ ఆగుదాం.
"ఎంతకాలం?"
"అది నీళ్ళు చెప్పాలి."
ధర పడిపోయిన వారం అది.
అతను కోసేసిన చేను వైపు చూశాడు,
అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా.

ఖాళీ చేస్తే నేల తిరిగి లేస్తుందా అని సిగ్నీ అడిగింది.
లేస్తుంది, ఒక మొక్కజొన్న గింజ మందాన.
తను మోసిన అతి పెద్ద బరువు
మట్టికి గుర్తుండిపోతుంది.
అంతకు తక్కువైనదేదీ
దాన్ని ఇక పెద్దగా కదిలించలేదు.
"అయితే మంచిదేగా?" అంది.
నాకు జవాబు తోచలేదు.

కర్ర భుజాన వేసుకుని
ఆరో చుక్క దగ్గరికి నడిచింది.
బూటుతో మంచు తుడిచి, రంగు వెతికి,
"నిటారుగా ఉందా?" అని అరిచింది.
కొంచెం ఎడమకి, అన్నాను.